దారానికి కట్టిన నిమ్మకాయ

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి వాడికి బ్యాటే లోకం. పోయిన సంవత్సరం బడిలో బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయంటే కళ్ల పరీక్ష చేయించాం, రెండు కళ్లకీ మైనస్ 1.25 అని అద్దాలు రాశారు. తర్వాత రెండు నెలలకి ఒక సెలక్షన్‌కి పోయాడు. అక్కడ కూర్చున్న పెద్దమనిషి వీడు ప్యాడ్లు కట్టుకోకముందే ముఖం చూసి "అద్దాలోడికి బంతి ఏం కనపడతాదప్పా, పోయి బాగా చదువుకో" అన్నాడంట. ఒక్క ఓవర్ కూడా ఆడించలేదు. వాడు ఇంటికొచ్చి ఏడవలేదు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు, మరుసటి రోజు నుంచి అద్దాలు డబ్బాలో పెట్టేసి మూత తీయడమే మానేశాడంట. అక్క ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది.

నేను అనంతపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. కటకాలు, వక్రీభవనం, హ్రస్వదృష్టి (దూరంలో ఉన్నవి మసకగా కనపడటం), అన్నీ బోర్డు మీద గీతలు గీసి ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నా. కానీ బంతి "కనపడటం" అంటే అసలేం జరుగుతుందో ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు. ఆ పెద్దమనిషి మాట తప్పని నాకు అనిపిస్తోంది, ఎందుకు తప్పో వాడికి చెప్పాలంటే నా దగ్గర సరుకు లేదు. అందుకని చదవడం మొదలుపెట్టా.

వాడికి మొదట చెప్పింది ఇద్దరు మనుషుల గురించి. 1975లో మొదటి ప్రపంచ కప్ ఫైనల్లో వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ సెంచరీ కొట్టి కప్పు ఎత్తాడు, ముఖం మీద లావుపాటి అద్దాలతోనే. రెండో మనిషి మన మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. 1961లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. మరుసటి సంవత్సరానికే, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ఇండియా జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ మీద డబుల్ సెంచరీ కూడా చేశాడు. వాడు విన్నాడు గానీ "వాళ్లు గొప్పోళ్లు కదా మామా" అన్నాడు. నిజమే, గొప్పవాళ్ల కథ చెప్తే పిల్లోడికి దారి దొరకదు.

అప్పుడు పరిశోధనల దగ్గరికి వచ్చా. గంటకి 140 కిలోమీటర్ల బంతి బౌలర్ చేతి నుంచి బ్యాటు దగ్గరికి రావడానికి పట్టేది దాదాపు అర సెకను. అందరం ఏమనుకుంటామంటే పెద్ద బ్యాటర్ల కళ్లు మనకంటే చురుకు, అందుకే ఆడగలరు అని. పీటర్ మెక్‌లియడ్ అనే ఆయన దీన్ని పరీక్షించి 1987లో ప్రచురించాడు. పిచ్ మీద పరిచిన మ్యాటు కింద గుండ్రటి కర్రబద్దలు పెట్టాడు. బంతి వాటి మీద పడితే ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన బ్యాటర్లు కూడా, బంతి తిరిగాక సెకనులో ఐదో వంతు గడిచేదాకా బ్యాటు మార్చలేకపోయారు. అంటే మామూలు మనుషులకి పట్టేంత సమయమే వాళ్లకీ పట్టింది. తేడా కంటి వేగంలో లేదు.

మరెక్కడుంది? 2000లో మైఖేల్ ల్యాండ్, ఇదే మెక్‌లియడ్ కలిసి బ్యాటర్ల తలకి చిన్న కెమెరా కట్టి కళ్లు ఎటు పోతున్నాయో చూశారు. "బంతి మీద నుంచి చూపు తీయొద్దు" అని ప్రతి కోచ్ చెప్పే మాట ఉందే, దాన్ని బ్యాటర్లు ఎవరూ పాటించడం లేదు! బంతి చేతి నుంచి వదిలేటప్పుడు చూస్తారు, అంతే, చూపు ఒక్క గెంతు గెంతి బంతి ఎక్కడ పడబోతోందో అక్కడికి ముందే పోయి కాచుకుని ఉంటుంది. బంతి వచ్చి అక్కడ పడ్డాక మళ్లీ కాసేపు దాన్ని పట్టుకుంటుంది. బాగా ఆడేవాడి చూపు ఆ గెంతు త్వరగా వేస్తుంది, సరిగా ఆడలేనివాడిది ఆలస్యంగా వేస్తుంది. 2013లో డేవిడ్ మన్, ఆయన తోటివాళ్లు ఇంకొకటి చూపించారు. మేటి బ్యాటర్ల తల మొత్తం బంతితో పాటే తిరుగుతుంది, కళ్లు మాత్రం ముందుకి గెంతుతాయి. 2024 సెప్టెంబర్‌లో మన అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగినప్పుడు మేమిద్దరం పోయి చూశాం. అప్పుడు నాకిది తెలిసి ఉంటే బ్యాటు మానేసి హెల్మెట్లే చూసుండేవాణ్ని.

వాడికి ముఖం వెలిగిన సంగతి మాత్రం వేరే. ఇదే మన్ బృందం 2007లో, బ్యాటర్లకి కావాలని మసకగా కనపడే కాంటాక్ట్ లెన్సులు పెట్టి ఆడించింది. ప్లస్ 1, ప్లస్ 2 దాకా ఆటలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్లస్ 3 పెట్టాకే దెబ్బ తగిలింది. మంచి కంటికి ప్లస్ లెన్సు పెడితే, అంతే మైనస్ ఉన్న కంటికి అద్దాలు లేకుండా కనపడేంత మసక వస్తుంది. అంటే మా వాడు అద్దాలు తీసేసినా ఆ పరీక్షలో తేడా రాని మసక కంటే వాడి మసక తక్కువే! వెంటనే ఇంకో మాట కూడా చెప్పా, అద్దాలు మానేయమని కాదు దీని అర్థం, బంతి ఇంకా వేగంగా వస్తే మసక త్వరగా దెబ్బతీస్తుందని అదే బృందం తర్వాత తేల్చింది, పైగా మైదానంలో చీకట్లో స్టంప్‌కి తగిలి పడతావు అని. చెప్పాలనుకున్నది ఒకటే: అద్దాలు చూసి మనిషిని పంపేయడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. కానీ చూపు ముందుకి ఎందుకు గెంతాలి అనే ప్రశ్న నన్ను వదల్లేదు.

కార్తీకంలో ఒకరోజు కరెంటు పోతే ముగ్గురం మిద్దె ఎక్కాం, అక్క, వాడు, నేను. తూర్పున పిల్లలకోడి పైకొచ్చి ఉంది, అదే కృత్తిక. వాడు అద్దాలు లేకుండా చూస్తే ఒక తెల్లటి మరక, డబ్బా తెరిచి పెట్టుకుని చూస్తే ఆరు చుక్కలు. "ఇప్పుడు నువ్వు చూసేది ఇప్పటిది కాదప్పా" అన్నా. ఆ వెలుగు బయలుదేరి 440 ఏళ్లు దాటింది. తళ్లికోట యుద్ధం పోగొట్టుకుని విజయనగర రాజులు పెనుకొండ కోటలో కూర్చుని ఏలుతున్న రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మా మిద్దె మీద పడుతోంది. ఆ దూరం ఎలా తెలుసని వాడడిగాడు. వేలు ముఖం ముందు పెట్టుకుని ఒకసారి ఒక కన్ను, ఇంకోసారి రెండో కన్ను మూసి చూడమన్నా, వేలు పక్కకి జరుగుతుంది. దగ్గరుంటే ఎక్కువ, దూరం పెడితే తక్కువ. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలలకి 30 కోట్ల కిలోమీటర్ల అవతలికి పోతుంది, అవే భూమికి రెండు కళ్లు. ఆ రెండు చోట్ల నుంచి చూస్తే చుక్క ఎంత జరిగిందో కొలుస్తారు. ఇంత చిన్న జరుగుడు కాబట్టే కృత్తిక దూరం మీద శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు తగాదా పడ్డారు, హిప్పార్కస్ ఉపగ్రహం 1997లో 390 కాంతి సంవత్సరాల (వెలుగు అన్నేళ్లు పోయేంత దూరం) దరిదాపు అంది, మిగతా లెక్కలన్నీ 440 దగ్గరున్నాయి. 2014లో దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులని ఒక్కటిగా కలిపి కొలిచి 444 దగ్గర తేల్చారు, తర్వాత గయా ఉపగ్రహమూ దాన్నే బలపరిచింది. పటౌడీ పోగొట్టుకున్నది సరిగ్గా ఈ రెండో కన్నే అని అప్పుడు వాడికి నేను చెప్పక్కర్లేకపోయింది.

అంత దూరం వచ్చిన వెలుగు చివరికి ఎక్కడ ఆగుతుంది? మా అవ్వ చెప్పేది, తన చెల్లెలు చిన్నప్పుడు పొద్దు గూకితే గోడ పట్టుకుని నడిచేదని. రేచీకటి. కరువు రోజులు, సంగటి తప్ప ఇంకేం లేదు, ఆకుకూర కూడా దొరికేది కాదు. ఎవరో చెప్తే మేక కార్జం కాల్చి పెట్టారంట, కొన్నాళ్లకి చీకట్లో దీపం లేకుండా దొడ్లోకి పోయిందని అవ్వ కళ్లు పెద్దవి చేసి చెప్పేది. కార్జంలో ఉండేది విటమిన్ ఏ. అదే కంట్లో రెటినల్ అనే చిన్న అణువుగా మారి, రోడాప్సిన్ అనే ప్రోటీన్ మధ్యలో, గూట్లో పిట్టలాగా వంగి కూర్చుంటుంది. వెలుగు రేణువు ఒక్కటి తగిలితే చాలు, వంగిన తోక నిటారు అవుతుంది. దానికి పట్టే సమయం సెకనులో ఐదు లక్షల కోట్లవ వంతు. చూపు మొదలయ్యేది ఆ కదలికతోనే. విటమిన్ ఏ సంగతి తేల్చిన జార్జ్ వాల్డ్‌కి 1967లో నోబెల్ వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన వల్ల 1970లో మన దేశంలో పిల్లలకి విటమిన్ ఏ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. రోడాప్సిన్ ఆకారం మాత్రం 2000 దాకా ఎవరికీ కనపడలేదు. క్రిస్టాఫ్ పాల్‌చెవ్‌స్కీ, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆవు కళ్ల నుంచి తీసి, స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలతో చూశారు. తెల్లటి వెలుతురు తగిలితే అది మారిపోతుంది కాబట్టి పాత ఫోటో స్టూడియోల్లో లాగా మసక ఎర్ర లైటులో పని చేయాలి. చూపుకి మూలమైన వస్తువుని చీకట్లోనే చూడాల్సి రావడం, ఆ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నా.

తోక నిటారు కావడం వేగమే, దాని తర్వాతది నిదానం. ఒక అణువు ఇంకో అణువుని, అది వందల అణువులని లేపుకుంటూ పోయి, అప్పుడు నరం మెదడుకి కబురు పంపుతుంది. కబురు చేరి మనకి "కనపడింది" అనిపించేసరికి సెకనులో పదో వంతుకి దగ్గరవుతుంది. ఆ లోపు 140 కిలోమీటర్ల బంతి నాలుగు మీటర్లకి దగ్గరగా జరిగిపోతుంది. అంటే కృత్తిక లాగే బంతి కూడా పాత వార్తే! అందుకే చూపు ముందే గెంతి కాచుకోవాలి. మెదడు దాన్ని ఎలా సర్దుకుంటుందనే దాని మీద రోమి నిజావన్ 1994లో, కదిలే వస్తువుని మెదడు కొంచెం ముందుకి జరిపి చూపిస్తుందని రాశాడు, దాని మీద ఇంకా వాదన జరుగుతూనే ఉంది. కదలికని పట్టుకునే పని మెదడులో వేరే భాగానిది అని మాత్రం ఖాయం. 1983లో జర్మనీలో వైద్యులు ఒక ఆవిడ గురించి రాశారు, ఆ భాగం దెబ్బతిని ఆమెకి అన్నీ కనపడతాయి గానీ కదలిక కనపడదు. టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు ఉండి, కప్పు నిండేది తెలిసేది కాదు.

ఇదంతా నోటితో చెప్తే పిల్లోడికి ఎక్కదు. అందుకే నిమ్మకాయ. గుమ్మానికి కట్టడానికి తెచ్చిన నిమ్మకాయకి బారెడు దారం గుచ్చి, మిద్దె మెట్ల పైన ఉన్న కొక్కేనికి వేలాడదీసి, నేరుగా కుడికీ ఎడమకీ ఊపాను, ముందుకీ వెనక్కీ కదలకుండా. నల్ల కళ్లద్దాలకి ఎడమ అద్దం ఊడబీకి వాడి ముఖానికి పెట్టి, రెండు కళ్లూ తెరిచి చూడమన్నా. రెండు ఊపులు చూశాడో లేదో "మామా, గుండ్రంగా తిరుగుతాంది!" అని అరిచాడు. కుడికి పోయేటప్పుడు ముఖం దగ్గరికి వస్తున్నట్టు, ఎడమకి పోయేటప్పుడు దూరంగా పోతున్నట్టు. అక్క లాక్కుని పెట్టుకుంది, ఆమెకీ అంతే. నల్లద్దం వెనక కంట్లోకి వెలుతురు తక్కువ, తక్కువ వెలుతురులో కన్ను ఇంకా నిదానం, ఆ కంటి కబురు కాస్త ఆలస్యంగా చేరుతుంది. రెండు కళ్లు రెండు వేరువేరు క్షణాలు చెప్తుంటే మెదడు వాటిని కలిపి లేని దూరాన్ని కల్పిస్తుంది. దీన్ని 1922లో వివరించినవాడు కార్ల్ పుల్‌ఫ్రిచ్. ఆయన జర్మనీలో జైస్ కంపెనీలో, ఆకాశం ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పరికరం తయారుచేసిన మనిషి. ఆ పరికరం వాడే ఖగోళ శాస్త్రవేత్తలు ఎదుర్కొన్న తికమక నుంచే ఇది బయటపడింది. పుల్‌ఫ్రిచ్‌కి ఒక కంటిచూపు లేదు. తన పేరుతో పిలిచే ఈ వింతని ఆయన ఎప్పుడూ చూడలేకపోయాడు.

వాడు అద్దాన్ని తీసి పెట్టి, తీసి పెట్టి, చాలాసేపు ఆ నిమ్మకాయనే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "మరి సాయంత్రం నెట్స్‌లో వెలుతురు తగ్గాక రెండు కళ్లూ ఆలస్యమే కదా?" అని. నేను అంతవరకూ దాని గురించి ఆలోచించలేదు! వాళ్ల బడి నెట్స్ సాయంత్రం ఐదున్నరకి మొదలవుతాయి, కార్తీకంలో ఆ తర్వాత కాసేపటికే పొద్దు గూకిపోతుంది. చివరి అరగంటలో అందరికంటే ఎక్కువ అవుటయ్యేది తానేనని, తన కళ్ల లోపం వల్లే అనుకున్నానని అప్పుడు చెప్పాడు. ఇన్ని నెలలు లోపల పెట్టుకున్న మాట అది.

మరుసటి రోజు వాళ్ల డ్రిల్ మాస్టారు దగ్గరికి పోయి నిమ్మకాయ, నల్లద్దం రెండూ చూపించా. ఆయన పది నిమిషాలు ఊపి చూసుకున్నారు. ఇప్పుడు నెట్స్ పొద్దున ఆరున్నరకి. మా వాడు అద్దాలు జారకుండా వెనక ఎలాస్టిక్ పట్టీ కట్టుకుని పోతున్నాడు, చలికి చెవులు మూసుకుని, సైకిల్ మీద.