రైలు వేగం ఫోన్‌లో చూస్తున్నారా? ముందు దక్షిణం కిటికీ పట్టండి

తిరుపతిలో కదిలిన బండి రేణిగుంట చేరేలోపే బోగీలో ఒకరిద్దరైనా ఫోన్ తీసి వేగం చూస్తుంటారు. ఒకరి ఫోన్‌లో 62, పక్కసీటు ఫోన్‌లో 71. బండి ఒకటే కదా, మరి ఈ తేడా ఏమిటి?

యాప్ వేగం చెప్పడానికి రెండు దారులున్నాయి. సెకను కిందట ఎక్కడున్నాం, ఇప్పుడెక్కడున్నాం అని చూసి దూరాన్ని కాలంతో భాగించడం ఒకటి. రైలుకి ఇది దండగ. స్థానం పట్టాల వెంబడి 3 మీటర్లు గెంతితే చాలు, ఆ సెకనులో గంటకి 10.8 కి.మీ. తప్పు వచ్చిపడుతుంది. బోగీ లోపల 3 మీటర్ల గెంతు పెద్ద విశేషం కాదు. అదే 3 మీటర్లు నిమిషం మీద పరిస్తే తప్పు 0.18 కి.మీ.కి దిగుతుంది. అందుకే ఈ పద్ధతి సగటుకి పనికొస్తుంది, ఆ క్షణపు వేగానికి పనికిరాదు. సగటులోనూ వంపుల దగ్గర జాగ్రత్త. 875 మీటర్ల వ్యాసార్థం, అంటే రైల్వే లెక్కలో 2 డిగ్రీల వంపు మీద బండి 750 మీటర్లు నడిస్తే, రెండు చివరల మధ్య తిన్నగా కొలిచిన దూరం 727 మీటర్లే. వేగం 3 శాతం తక్కువ కనిపిస్తుంది.

రెండోది డాప్లర్, అంటే మన కదలిక వల్ల సంకేతం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి వేగం పట్టడం. జీపీఎస్ ఎల్1 సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. గంటకి 108 కి.మీ. వేగంతో నేరుగా ఉపగ్రహం వైపు వెళ్తే ఫ్రీక్వెన్సీ 158 హెర్ట్జ్ మారుతుంది. ఉపగ్రహం తన పరుగుతో తెచ్చే మార్పు వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది కానీ, దాని కక్ష్య తెలుసు కాబట్టి రిసీవర్ ఆ భాగాన్ని తీసేస్తుంది. మూడు దిశల్లో వేగం, రిసీవర్ గడియారం జారుడు, మొత్తం నాలుగు తెలియనివి. కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. ఆకాశం బాగా తెరిచి ఉంటే తప్పు సెకనుకి 0.1 మీటరు, అంటే గంటకి 0.36 కి.మీ. దగ్గరికి వస్తుంది.

‘ఆకాశం తెరిచి ఉంటే’ అన్నదాంట్లోనే ఉంది చిక్కంతా. నెత్తిమీద ఇనుప కప్పు, కనిపించేది ఒక పక్క ఆకాశమే. ఆ పక్క ఏదన్నది మన దగ్గర చాలా ముఖ్యం. జీపీఎస్ కక్ష్యల వాలు 55 డిగ్రీలు, తిరుపతి ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. లెక్క వేస్తే నేరుగా ఉత్తరాన, దిగంతం నుంచి సుమారు 37 డిగ్రీల ఎత్తు దాకా జీపీఎస్ ఉపగ్రహమే రాదు. కిటికీలోంచి కనిపించేది సరిగ్గా ఆ కింది భాగమే! ఉత్తరాన కొండ అడ్డొచ్చిందని శేషాచలాన్ని తిట్టుకుంటారు గానీ, కొండ లేకపోయినా అక్కడ దొరికేది తక్కువే. కాబట్టి రేణిగుంట వైపు వెళ్తుంటే కుడి కిటికీ, చంద్రగిరి మీదుగా పాకాల వైపు వెళ్తుంటే ఎడమ కిటికీ. స్లీపర్ బోగీలో ఇనుప షట్టర్ ఎత్తి, ఫోన్‌ని కిటికీ అంచున ఆనించండి. ఏసీ బోగీ అద్దానికి లోహపు పూత ఉంటే సంకేతం బాగా పడిపోతుంది, రీడింగ్ ఊగిసలాడుతుంది.

రికార్డు చేసేటప్పుడు టవర్లు, వైఫై కలిపిన లొకేషన్ కాకుండా ఉపగ్రహాల లొకేషన్ ఒక్కటే ఎంచుకోండి. ఫైలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక)గా దాచుకోండి. జీపీఎక్స్ (జీపీఎస్ దారిని దాచే ఫైలు రకం) 1.0లో వేగానికి చోటుంది, 1.1లో దాన్ని తీసేశారు. 1.1 ఫైలు తెరిచిన సాఫ్ట్‌వేర్ చాలాసార్లు స్థానాల నుంచే వేగం లెక్కకడుతుంది, అంటే వద్దనుకున్న మొదటి పద్ధతికే తిరిగొచ్చినట్టు. ఆండ్రాయిడ్ 8 నుంచి వేగంతో పాటు ఆ వేగంలో ఎంత తప్పు ఉండొచ్చో కూడా సిస్టమ్ చెబుతుంది. అది సెకనుకి 0.5 మీటరు దాటిన వరసలు కొట్టేయడం మంచిది.

ఫోన్ కాకుండా విడి జీపీఎస్ మాడ్యూల్ వాడేవాళ్లకి రెండు మాటలు. నియో-6ఎం లాంటిది 9600 బాడ్ (సమాచారం పంపే వేగం) మీద సెకనుకి 960 అక్షరాలే పంపగలదు. మాడ్యూల్ పంపే సమాచారపు వరసలు, అంటే వాక్యాలు, అన్నీ ఉంచి సెకనుకి 5 రీడింగులు అడిగితే వాక్యాలు మధ్యలో తెగుతాయి. స్థానం, వేగం, సమయం చెప్పే ఆర్‌ఎంసీ వాక్యం ఒక్కటి ఉంచి, బాడ్ 38400కి పెంచండి. ఆర్‌ఎంసీలో పేరు తర్వాత రెండో గడి ‘ఏ’ అయితేనే నమ్మాలి, ‘వీ’ అయితే వదిలేయాలి. ఏడో గడి వేగం, అదీ నాట్లలో (గంటకి నాటికల్ మైళ్లు). 48.6 కనిపిస్తే 1.852తో గుణించండి, 90 కి.మీ. ఇంకో సంగతి, మాడ్యూల్ నడక మోడ్‌లో ఉంటే దాని పరిమితి సెకనుకి 30 మీటర్లు, అంటే గంటకి 108 కి.మీ. 108 దాటే బండిలో వాహనం మోడ్‌కి మార్చాల్సిందే.

సరిచూసుకోవడానికి పట్టాల పక్కన కిలోమీటరు అంకెలున్నాయి. 3600ని పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం. 40 సెకన్లయితే 90. స్టాప్‌వాచ్ నొక్కడంలో అర సెకను అటూఇటూ అయితే 1.1 కి.మీ. తేడా. 5 కిలోమీటర్లు కలిపి కొలిస్తే అది 0.2కి తగ్గుతుంది, కాకపోతే ఆ దూరమంతా బండి ఒకే వేగంతో పోవాలి. కరెంటు స్తంభాలు లెక్కపెట్టి కొలవకండి, వంపుల్లో వాటిని దగ్గరదగ్గరగా నాటుతారు. పాతరోజుల్లో 13 మీటర్ల పట్టాల అతుకుల మీద 46.8 సెకన్లలో ఎన్ని టక్‌లు వినిపిస్తే అన్ని కిలోమీటర్ల వేగం. ఇప్పుడు పట్టాలు వెల్డింగ్ చేసేశాక ఆ ముచ్చట పోయింది.

ఇంత చేశాక ఇంజిన్‌లోని స్పీడోమీటర్‌తో తేడా వస్తే ఫోన్‌నే తప్పుపట్టక్కర్లేదు. అది చక్రం తిరుగుళ్లను లెక్కపెడుతుంది. ఎలక్ట్రిక్ ఇంజిన్ చక్రం కొత్తగా 1092 మిల్లీమీటర్లు, అరిగి అరిగి 1016 దాకా వస్తుంది. మీటర్‌లో కొత్త కొలతే ఉండిపోయి చక్రం పూర్తిగా అరిగి ఉంటే, బండి నిజంగా 100 మీద పోతున్నప్పుడు మీటర్ 107.5 చూపిస్తుంది. ఇంజిన్ బిగపట్టి లాగేటప్పుడు చక్రం జారితే ఇంకా ఎక్కువే. ఎక్కువ చూపడం భద్రత వైపే కాబట్టి దానివల్ల ప్రమాదం లేదు. చక్రం మార్చి కొత్తది వేశాక మీటర్‌లో అరిగిన కొలతే మిగిలిపోతే మాత్రం తక్కువ చూపిస్తుంది, భయపడాల్సింది దానికి.