నలుపు కలిపితే పసుపు ఏమైంది

ఆదివారం. పొద్దున్నే పోస్టర్ కలర్స్ ముందేసుకుని కూర్చున్నాను. బొమ్మ వేసే ఉద్దేశం లేదు. ఒక్కో రంగులో తెలుపు, నలుపు, బూడిద విడివిడిగా కలుపుకుంటూ పోతే ఏమవుతుందో గళ్ళు గళ్ళుగా వేసి చూద్దామని.

ముందు ఎరుపు. తెలుపు కలిపితే గులాబీ, నలుపు కలిపితే మెరూన్. ఇది తెలిసిందే. తమాషా అంతా మూడో వరసలో ఉంది. ఆ ఎరుపు ఎంత ముదురుగా ఉందో అంతే ముదురు బూడిద తయారుచేయడానికే చాలాసేపు పట్టింది. కళ్ళు సగం మూసి చూస్తే రెండిటికీ మధ్య గీత కనిపించకూడదు, అదే గుర్తు. దాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్తే ఎరుపు లేతబడలేదు, ముదరనూ లేదు. దాని పొగరు మాత్రం గడి గడికీ దిగిపోయింది. మూడు వరసల్నీ ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీశాను. మొదటి రెండూ మెట్లు మెట్లుగా వచ్చాయి. మూడోది ఈ చివర నుంచి ఆ చివరదాకా దాదాపు ఒకటే బూడిద! అంతసేపు కష్టపడి మార్చింది కెమెరాకి అసలు ఆనలేదన్నమాట.

అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లోనే లేత-ముదురునీ, ఈ పొగరునీ విడదీసి చెప్పాడు. ఏ రంగన్నది హ్యూ. లేతో ముదురో చెప్పేది వాల్యూ, నలుపుకి 0, తెలుపుకి 10. బూడిదకి ఎంత దూరంగా జరిగిందో చెప్పేది క్రోమా. రంగులన్నిటినీ చక్కటి గోళంలో సర్దితే బాగుండేది కానీ అవి అలా ఒదగవు. ఎందుకో మధ్యాహ్నం పసుపు తీశాక అర్థమైంది.

పసుపు మహా పెంకిది. చుక్క నలుపు పడగానే ముదురు పసుపు అవుతుందనుకుంటాం, ఆలివ్ ఆకుపచ్చలోకి జారిపోతుంది. పసుపు నిండుగా ఉండేది లేతగా ఉన్నప్పుడే. నీలానిది రివర్స్. ముదురులోనే దాని దమ్మంతా, తెలుపు ఎక్కువైతే నీరసపడుతుంది. ఒక్కో రంగు ఒక్కో ఎత్తులో నిండుగా ఉంటే ఇక గోళం ఎలా కుదురుతుంది? నారింజని ముదురు చేస్తే ఏకంగా గోధుమరంగే.

సాయంత్రం కంప్యూటర్‌లో చూస్తే ఇంకో విడ్డూరం. రంగుని హ్యూ, శాచురేషన్ (గాఢత), లైట్‌నెస్ (లేతదనం) అనే మూడు అంకెలతో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ స్లయిడర్లలో అచ్చ పసుపుకీ అచ్చ నీలానికీ లైట్‌నెస్ 50 శాతమే. ఎవరి కళ్ళకైనా ఆ రెండూ సమానంగా కనిపిస్తాయా? కంటి చూపుని దృష్టిలో పెట్టుకుని 1976లో ఖరారు చేసిన సీఐఈల్యాబ్ లెక్కలో, తెలుపు 100 అయితే అవే రెండు రంగులకి లైట్‌నెస్ సుమారు 97, 32. నాకైతే ఈ లెక్కే నచ్చింది. పసుపు మీద తెల్ల అక్షరాలు ఎందుకు చదవలేమో ఆ 97 చూస్తేనే తెలిసిపోతుంది.

ఒక్క మాట మాత్రం రాసి పెట్టుకోవాలి. బొమ్మలో ఏదైనా తేడాగా అనిపిస్తే చేయి ముందు గాఢమైన రంగు మీదకే పోతుంది. దానికంటే ముందు ఫొటో తీసి, రంగు తీసేసి చూడటం మేలు. లేత, ముదురు కుదిరితే రంగులు కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబడుతుంది. అవి కుదరకపోతే ఎంత గాఢమైన ఎరుపు పులిమినా లాభం లేదు.

నీలం వరసలు ఇంకా మిగిలాయి. దానికి సరిపోయే బూడిద దాదాపు నల్లగా ఉంటుంది కాబట్టి ట్యూబ్‌లైట్ కింద తేల్చుకోలేను. రేపు పగటి వెలుతురులో చేయాలి.