బెంగళూరులో రెండు రోజులు: ఏ పూట ఎక్కడ తినాలి

శనివారం తెల్లవారుజామున బెంగళూరులో దిగి ఆదివారం రాత్రి తిరుగు బండెక్కే మనిషికి దక్కేవి రెండు ఉదయపు టిఫిన్లు, రెండు మధ్యాహ్న భోజనాలు, రెండు సాయంత్రాలు మాత్రమే. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులోనో కాచిగూడలో ఎక్కే రైలులోనో వెళ్ళేవాళ్ళు చాలామంది ఇందులో సగం పూటల్ని బస చేసిన చోట దొరికే బఫేకో, ఏదో మాల్ పై అంతస్తులో వరుసగా ఉండే కౌంటర్లకో అప్పగించి, "అక్కడి తిండిలో విశేషమేమీ లేదు" అంటూ తిరిగొస్తారు. ఆ మాట వింటే నాకు నిజంగానే మనసు చివుక్కుమంటుంది. ఉదయపు టిఫిన్‌ను ఇంత శ్రద్ధగా, తరాల తరబడి నిలుపుకుంటూ వచ్చిన ఊళ్ళు దక్షిణాదిలో ఎక్కువగా లేవు.

కొత్త ఊళ్ళో మంచి హోటల్ కోసం వెతికేటప్పుడు ముందుగా పూట తేల్చుకోవాలి, తర్వాత పేట తేల్చుకోవాలి, హోటల్ పేరు ఆ తర్వాతే రావాలి అన్నది నా గట్టి నమ్మకం. బెంగళూరు విషయంలో ఇది మరీ నిజం. అక్కడి పాత వంటశాలలు గడియారం ప్రకారం నడుస్తాయి. ఉదయం పదకొండు దాటాక టిఫిన్ పొయ్యిలు ఆర్పి మధ్యాహ్నం భోజనానికి సిద్ధమయ్యే చోట్లున్నాయి, మధ్యాహ్నం తలుపులు మూసి మళ్ళీ మూడింటికో నాలుగింటికో తెరిచే చోట్లున్నాయి. ఎంత పేరున్న హోటలైనా దాని వేళ తప్పి వెళితే మనకు ఎదురయ్యేది మూసిన తలుపో, చల్లారిన పెనమో అవుతుంది.

వేళతో పాటు వారాన్ని కూడా చూసుకోవాలి. పాత టిఫిన్ హోటళ్ళలో గాంధీ బజారులోని విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు, లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్.కు సోమవారం సెలవు, శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కు ఆదివారం సెలవు. శుక్రవారమో సోమవారమో కలుపుకొని మూడు రోజులు వెళ్ళేవారు ఈ సంగతి ముందే చూసుకోకపోతే తెల్లవారుజామున లేచిన శ్రమంతా వృథా అవుతుంది. వారాంతానికే పరిమితమైనవారు మాత్రం శనివారం ఉదయాన్ని బ్రాహ్మిన్స్‌కు కేటాయించుకుంటే చాలు, మిగతా రెండూ ఆదివారం కూడా అందుబాటులోనే ఉంటాయి.

బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965లో మొదలైంది. కూర్చోవడానికి బల్లలు ఉండవు. ప్లేటు చేతపట్టుకుని, వీలైతే అరుగు మీదో లేకపోతే రోడ్డు వారగానో నిలబడి తినాలి. దొరికేవి ఇడ్లీ, వడ, ఖారా బాత్ (కారం ఉప్మా), కేసరి బాత్ (రవ్వ కేసరి), కాఫీ, టీ, అంతే. సాంబారు అసలు ఉండదు. ఈ మాట వినగానే ముఖం చిట్లించే తెలుగువాళ్ళు నాకు చాలామంది తెలుసు, కానీ ఆ చట్నీ రుచి చూశాక సాంబారు ఊసెత్తినవారు తక్కువ. పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి ఘాటు తెలిసేలా, ఇడ్లీ సగం మునిగేలా పోస్తారు. అయిపోతే ప్లేటు పట్టుకుని చట్నీ పోసే మనిషి దగ్గరకు మళ్ళీ వెళ్ళవచ్చు, విసుక్కోకుండా మళ్ళీ పోస్తాడు. చేసే నాలుగైదు రకాల మీదే వంటశాల దృష్టంతా నిలపడం వల్ల ప్రతి వాయీ వేడివేడిగా, ఒకే తీరుగా వస్తుంది. తెలియని ఊళ్ళో హోటల్‌ను ఎంచుకోవలసి వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే. బోర్డు మీద నూటయాభై పదార్థాలున్న చోట ఏదో ఒకటి ఫ్రిజ్‌లోంచి రాక తప్పదు.

విద్యార్థి భవన్ 1943 నుంచి ఉంది. పేరుకు తగ్గట్టే ఆ చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టిన చిన్న హోటల్ అది. వారాంతంలో బయట నిరీక్షణ తప్పదు. తలుపు దగ్గర పేరు రాయించుకుని, పిలిచేదాకా గాంధీ బజారు పూల అంగళ్ళ ముందు తిరగవచ్చు. లోపల గోడల మీద కన్నడ రచయితల చిత్రాలుంటాయి. ఖాళీ అయిన చోటల్లా మనల్ని సర్దుతారు కనుక ముక్కూమొహం తెలియని వారి ఎదుట కూర్చోవలసి రావడం అక్కడ మామూలే, దానికి మొహమాటపడనక్కరలేదు. మసాలా దోశె మన దగ్గర దొరికే పేపరు దోశెల్లాగా ప్లేటు దాటి పోదు. పొట్టిగా, మందంగా, పైన ఎర్రగా కాలి కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. వడ్డించే మనిషి ఒక చేతి మీద మణికట్టు నుంచి మోచేయి దాటేదాకా ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, ఇరుకు బల్లల మధ్య నడుస్తూ రెండో చేత్తో ఒక్కొక్కటే దించుకుంటూ పోతాడు. వెనకాలే మరొకరు పల్చటి చట్నీ పోసుకుంటూ వస్తారు. దోశె అంచుల కరకర పోకముందే తినడం మొదలుపెట్టాలి, ఫొటోలకు ఆగితే ఆ రుచి చేజారుతుంది.

ఎం.టి.ఆర్. అన్న మూడక్షరాలు మన ఇళ్ళకు గులాబ్ జామ్ పొట్లం మీద తెలిసినవే. మావళ్ళి టిఫిన్ రూమ్స్ కథ ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులతో 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైనప్పుడు గోధుమ రవ్వతో ఇడ్లీ వేసి చూశామని, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని వారు చెప్తారు. ఎమర్జెన్సీ రోజుల్లో హోటళ్ళ ధరలను ప్రభుత్వం బాగా తగ్గించి కట్టడి చేసినప్పుడు, ఆ ధరకు తమ నాణ్యత నిలపడం కష్టమై, వారు ఇంట్లో సులువుగా వండుకునే పొడుల పొట్లాల వ్యాపారం వైపు అడుగు వేశారు. ఆ పొట్లాల కంపెనీ 2007లో నార్వేకు చెందిన ఓర్‌క్లా చేతికి వెళ్ళింది, హోటళ్ళు మాత్రం కుటుంబం దగ్గరే ఉన్నాయి. అందుకే పొట్లం రుచిని బట్టి లాల్‌బాగ్ రోడ్డు హోటల్‌ను అంచనా వేయకూడదు. అక్కడి రవ్వ ఇడ్లీ పైన జీడిపప్పు పలుకు, పక్కన సాగు అనే బంగాళాదుంప కూర, చిన్న గిన్నెలో కరిగిన నెయ్యి. ముందు నెయ్యి మొత్తం ఇడ్లీ మీద పోసి, అది లోపలికి ఇంకేదాకా నిమిషం ఆగి, తర్వాత సాగుతో తినడం నాకు నచ్చిన పద్ధతి. లాల్‌బాగ్ నుంచి కొద్ది దూరమే కనుక పొద్దున్నే తోటలో నడిచి అటునుంచి అటే రావడం ఉత్తమం.

ఈ మూడూ బెంగళూరు దక్షిణ భాగంలో, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవే. పేట తేల్చుకోవాలన్నది ఇందుకే. మెట్రో ఆకుపచ్చ లైన్‌లో లాల్‌బాగ్, నేషనల్ కాలేజ్ స్టేషన్లు దిగితే చాలా వరకు నడిచిపోవచ్చు. అదే లైన్‌లో ఉత్తరంగా వెళ్ళి మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్ స్టేషన్‌లో దిగితే మల్లేశ్వరం మొదలవుతుంది. బెన్నె (వెన్న) మసాలా దోశెకు పేరుపడ్డ సి.టి.ఆర్. హోటల్, ఫుట్‌పాత్ మీద నిలబడి ఇడ్లీలు తినే వీణా స్టోర్స్ ఆ పేటలోనివే. ఒక ఉదయం దక్షిణానికి, ఒక ఉదయం మల్లేశ్వరానికి ఇచ్చుకోవాలి. ఒకే పొద్దున గాంధీ బజారు ఉన్న బసవనగుడి, మల్లేశ్వరం రెండూ చుట్టేద్దామని కారు బుక్ చేసుకున్నవారు ఆ ఊరి ట్రాఫిక్‌లో టిఫిన్ వేళ పోగొట్టుకుంటారు.

పేరున్నవాటి సంగతి ఇంతటితో సరి. పేరులేని మంచి చోట్లు కనుక్కోవడం ఎలాగన్నదే నాకు ఇంకా ఇష్టమైన విషయం. ఆటో డ్రైవరునో, బస చేసిన చోట రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయినో "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే, మనం పైఊరివాళ్ళం కనుక ఏసీ ఉన్నది, పెద్దది, కాస్త ఖరీదైనది చూపిస్తారు. అది వాళ్ళ మర్యాద. "అన్నా, పొద్దున బండి తీసే ముందు నువ్వు టిఫిన్ ఎక్కడ చేస్తావు?" అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది. బెంగళూరులో ఈ మాట తెలుగులోనే అడగవచ్చు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు, ఇంట్లో తెలుగు మాట్లాడే పాత బెంగళూరువాళ్ళు అడుగడుగునా కనిపిస్తారు. ఆ జవాబు చాలాసార్లు ఏదో ఒక దర్శినికి దారితీస్తుంది. టోకెన్ తీసుకుని, కౌంటర్ దగ్గర ప్లేటు అందుకుని, ఎత్తు బల్లల దగ్గర నిలబడి తినే ఈ హోటళ్ళు 1980లలో మొదలై నగరమంతా వ్యాపించాయి. ఉదయపు నడక ముగించుకున్న పెద్దవాళ్ళు పేపరుతో, బై టూ కాఫీతో (ఒకే కాఫీని ఇద్దరు పంచుకునేది) నిలబడి ఉన్న దర్శిని కనబడితే నేను ఇంకేమీ ఆలోచించకుండా లోపలికి వెళ్తాను. రోజూ వచ్చే పెద్దల దగ్గర పాచి చట్నీ చెల్లదు.

ఫోన్‌లో సమీక్షలు చదవడం తప్పేమీ కాదు, కాకపోతే నక్షత్రాల సంఖ్యకన్నా ఫిర్యాదుల స్వభావం చూడాలి. "చాలాసేపు నిలబెట్టారు", "కూర్చోవడానికి చోటు లేదు", "కార్డు తీసుకోరు" అన్న ఫిర్యాదులు వంటకు సంబంధించినవి కావు, వాటిని పట్టించుకోనక్కరలేదు. "చల్లారినది పెట్టారు", "నూనె వాసన వచ్చింది" అని ఇటీవలే ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే ఎంత పాత హోటలైనా ఆ పూటకు వదిలేయడం మేలు.

మధ్యాహ్నానికి మాంసాహారులు మిలిటరీ హోటళ్ళను, అంటే మాంసాహార భోజనానికి పేరుపడ్డ పాత హోటళ్ళను, మరిచిపోకూడదు. రంగన్న, శివాజీ, ఎస్.జి. రావు పేర్లతో ఉన్నవి బాగా తెలిసినవి. పొడవు బాస్మతికి బదులు సన్నని పొట్టి బియ్యంతో, పుదీనా కొత్తిమీర పచ్చదనంతో వండి దొన్నెలో పెట్టే బిర్యానీ వీటి ప్రత్యేకత. హైదరాబాదీ బిర్యానీని కొలబద్దగా పెట్టుకుని దీన్ని తినకూడదు, రెండింటి వంట తీరే వేరు. ఇక్కడ కూడా వేళ ముఖ్యం. ఆదివారం ఆలస్యంగా వెళితే మటన్ అయిపోయిందనే మాట వినవలసి వస్తుంది. రాగి ముద్ద దొరికే చోట తప్పక తినండి. మా రాయలసీమలో సంగటిలోకి బియ్యం కూడా వేస్తాము, అక్కడ ఎక్కువగా రాగిపిండి ఒక్కటే వాడతారు. తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగాలి. ఉదయం గట్టిగా టిఫిన్ చేసి ఉంటే మధ్యాహ్నం ఈ ముద్ద ఒక్కటే చాలు.

రెసిడెన్సీ రోడ్డులో 1984 నుంచి ఉన్న నాగార్జున వంటి ఆంధ్రా భోజన హోటళ్ళు బెంగళూరు జీవితంలో భాగమైపోయాయి. అరటాకు మీద పప్పు, పొడి, నెయ్యి, కారం దట్టించిన వేపుళ్ళ కోసం కన్నడిగులు, ఉత్తరాదివాళ్ళు వరుస కట్టడం చూస్తే మనకు సంతోషంగానే ఉంటుంది. అయినా రెండు రోజులకే వెళ్ళిన తెలుగువారు అందులో ఒక పూట అక్కడ గడపడం నాకు సమ్మతం కాదు. వెంట ఉన్న పెద్దవాళ్ళకు పప్పన్నం లేకపోతే పూట గడవదంటే మాత్రం నిస్సంకోచంగా వెళ్ళండి.

సాయంత్రానికి వి.వి. పురంలో సజ్జనరావు సర్కిల్ దగ్గరి తిండి వీధి ఉంది. ముందు ఏమీ కొనకుండా ఆ చివరి దాకా ఒకసారి నడిచి, ఎక్కడ పెనం ఖాళీగా ఉండటం లేదో చూసుకుని, వెనక్కి వస్తూ తినాలి. పెనం మీద అప్పటికప్పుడు ఒత్తి కాల్చే ఒబ్బట్లు, అంటే మన బొబ్బట్లే, పప్పువి, కొబ్బరివి రెండూ దొరుకుతాయి. చలికాలంలో వెళ్ళేవారికి మరో అదృష్టం అవరెకాయల కాలం. అవి మా వైపు అనపకాయలు. నానబెట్టి తోలు పితికి తీసిన ఆ పప్పుతో చిత్తూరు ఇళ్ళలో కూర వండుకున్నట్టే, అక్కడ ఆ గింజలను దోశె మీద, ఉప్మాలో, మిక్స్చర్‌లో, చివరికి జిలేబీలో కూడా వేస్తారు. సంక్రాంతి ముందువెనుకల వెళితే వేరే ఏదీ పెట్టుకోకుండా ఆ సాయంత్రమంతా అనపగింజలకే ఇవ్వమని చెప్తాను.

ఆదివారం రాత్రి బస్సుకో రైలుకో దోశెలు, ఇడ్లీలు పార్సెల్ కట్టించుకోకండి. చట్నీ రాత్రికల్లా పులుస్తుంది, దోశె తోలులా సాగుతుంది. మల్లేశ్వరంలోనో గాంధీ బజారులోనో చిరుతిళ్ళ అంగడిలో కోడుబళె (కరకరలాడే కారపు చుట్టలు), నిప్పట్టు (చెక్కలు), పులియోగరె (పులిహోర) పొడి కొనుక్కోండి, అవి వారం రోజులు చెడవు. బండెక్కే ముందు దగ్గర్లోని దర్శినిలో పెరుగన్నం తినేస్తే ప్రయాణానికి కడుపు తేలికగా ఉంటుంది.