బోల్యూలు ఎక్కడ ఉదోన్‌లు అవుతారు?

ఆదివారం. ఇవాళంతా కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రపు చర్చి రిజిస్టర్లే. బోల్యూ అనే ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్తుంటే ఒక తరం దగ్గర తెగిపోయింది. ఫ్రెంచ్ కెనడియన్ వంశాల్లో ఇలా తెగడం మామూలే. మనుషులు అదే ఊళ్లో, అదే రిజిస్టర్లో ఉదోన్ పేరుతో కనిపిస్తారు.

పియేర్ ఉదోన్ ‘ది’ బోల్యూ 1676లో మరీ గోబేను పెళ్లాడి రివియేర్ వెల్‌లో స్థిరపడ్డాడు. ఈ ‘ది’ అంటే ‘అనే పిలుపుగల’ అని. అతని వారసుల్లో కొందరు ఉదోన్‌లు, కొందరు బోల్యూలు. ఒకే మనిషికి బాప్తిస్మంలో ఒక పేరు, పెళ్లిలో ఇంకోటి, ఖననంలో రెండూ రాసి ఉండొచ్చు. అలాగని బోల్యూలంతా ఉదోన్‌లు కారు. బోల్యూ అనే పిలుపు వేరే వంశాలకూ ఉంది.

ఇలాంటి పేర్లు చాలావరకు సైన్యం నుంచి వచ్చాయి. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కారిన్యాన్ సాలియేర్ సైనిక దళంలో దాదాపు 400 మంది ఇక్కడే ఉండిపోయారు. లాఫ్లోర్, సాన్‌సూసీ, లాదూసోర్ లాంటివి సిపాయిల పిలుపు పేర్లే. ఫ్రాన్స్‌లోని సేంతోంజ్ ప్రాంతం నుంచి వచ్చిన కొందరికి ఆ ప్రాంతం పేరే స్థిరపడింది.

అందుకే ఇంటిపేరు కన్నా జంటను పట్టుకోవాలి. ఆఖరి పెళ్లి నమోదుతో మొదలుపెడితే అందులో వరుడి, వధువు తల్లిదండ్రుల పేర్లుంటాయి, తల్లి పుట్టింటి పేరుతో సహా. ఆ తల్లిదండ్రుల పెళ్లి వెతకాలి, అక్కణ్ణుంచి వాళ్ల తల్లిదండ్రులది. క్యూబెక్ రిజిస్టర్లలో ఆడవాళ్లు చనిపోయేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటారు. తెలుగు కుటుంబాల్లో ముత్తవ్వ పుట్టింటి పేరు కోసం ఎన్ని తంటాలు పడాలో తెలిసినవాళ్లకు ఇదెంత వరమో అర్థమవుతుంది. తండ్రి రెండు పేర్లలో ఏది రాసినా పక్కన తల్లి పేరు కుదిరితే దారి దొరికినట్టే. తల్లి వంశానికీ రెండో పేరు ఉండొచ్చు కాబట్టి రెండు రూపాలూ వెతకాలి.

వెతుకులాట ఆగిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. రెండో పెళ్లి నమోదులో తరచుగా తల్లిదండ్రులుండరు, చనిపోయిన భర్తదో భార్యదో పేరు మాత్రమే ఉంటుంది. అప్పుడు మొదటి పెళ్లికి పోవాలి. పెళ్లి సాధారణంగా వధువు ఊరి చర్చిలో జరిగేది, వరుడి ఊళ్లో వెతికితే దొరకదు. అక్కడా లేకపోతే నోటరీ దగ్గర రాయించుకున్న పెళ్లి ఒప్పందం చూడాలి. 1679 నుంచి రిజిస్టర్లకు రెండు ప్రతులు, ఒకటి చర్చికి, ఇంకోటి కోర్టుకు. ఒకటి కాలిపోతే రెండోది అడగాలి. క్యూబెక్ నగర చర్చి తొలి రిజిస్టర్లు మాత్రం 1640 అగ్నిప్రమాదంలో పోయాయి, తర్వాత జ్ఞాపకం మీద తిరిగి రాశారు. కాబట్టి ఆ ఏళ్ల వివరాలను ఆచితూచి వాడాలి.

తేదీల దగ్గర ఎక్కువ మంది పడిపోతారు. 7 అంకె పక్కన ‘బ్ర్’ అని ఉంటే అది సెప్టెంబర్, జులై కాదు. 8 అయితే అక్టోబర్, 9 నవంబర్, రోమన్ పది గుర్తు డిసెంబర్. పాత లెక్కలో మార్చి మొదటి నెల కాబట్టి ఈ అంకెలు. సూచికలు తయారుచేసినవాళ్లు కూడా ఇక్కడ పొరబడ్డారు, అసలు పేజీ చూడకుండా తేదీ రాసుకోకూడదు.

ఫ్రెంచ్ కెనడియన్ కుటుంబాల వంశావళి పుస్తకమైన తాంగే నిఘంటువు ఏడో సంపుటం చివర ఈ రెండో పేర్ల జాబితా ఉంది, ముందు దాన్ని తిరగేయాలి. ఆ ఏడు సంపుటాల్లో తప్పులున్నాయి కాబట్టి అందులో దొరికిన ప్రతి జంటనూ రిజిస్టర్‌తో సరిచూడాలి. అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లులకు వెళ్లిన శాఖ అయితే ఇంకో పొర ఉంటుంది, పేరు ఇంగ్లీషులోకి మారిపోయి ఉంటుంది. అక్కడ బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, ర్వా కింగ్ అయ్యాడు. అమెరికా జనగణనలో కింగ్ దొరికితే క్యూబెక్‌లో ర్వాను, ఆ ర్వాకున్న ‘ది’ పేర్లన్నిటినీ వెతకాలి.