ఐదు లీటర్ల క్యాన్, కప్పు గుగ్గిళ్ళు

పోయినేడు దసరా ముందు పై కడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకెళ్ళింది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. ఎమర్జెన్సీలో డాక్టర్ ఈ మాట వినగానే లైపేజ్ (క్లోమంలో తయారయ్యే ఎంజైమ్), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) టెస్టులు రాసేశారు. పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ (క్లోమం) వాపు! మామూలుగా ఇది మందు వల్లో, పిత్తాశయంలో రాళ్ళ వల్లో వస్తుందట. నాకు మందు అలవాటు లేదు, స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్ళూ లేవు. రక్తం తీసిన ట్యూబు నర్సు చూపించింది, ఎర్ర రక్తం కిందకి దిగాక పైన తేలిన సీరం పాలలా తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్స్ 150 లోపు ఉండాల్సింది, నాకు 1,400 దాటాయి. వెయ్యి దాటితే పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంటుందట.

మొదట్లో నోటికేమీ లేదు, సెలైన్లే. ఆ తర్వాత గంజి, ఇడ్లీ. ఇంటికి పంపేటప్పుడు ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్ర రాసి, చక్కెర మానేసి తెల్లన్నం తగ్గించమన్నారు.

డైటీషియన్ మాత్రం నేనేం తింటానో అడగలేదు. "నెలకి నూనె ఎంత పడుతుందమ్మా మీకు?" అంది. ముగ్గురం, ఐదు లీటర్ల క్యాన్. ఆవిడ అక్కడికక్కడే ఫోన్లో లెక్కేస్తే మనిషికి రోజుకి 50 గ్రాములు తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి లాంటివి 27 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు. మా ఇంట్లో పప్పు వారానికి రెండుసార్లు, వేపుడు రోజూ.

అప్పట్నుంచి నాకు లెక్కల పిచ్చి పట్టింది. ఉడికించిన బొబ్బర్లు ఒక కప్పు, అంటే 170 గ్రాములు, సుమారు 200 క్యాలరీలు. అందులో ప్రోటీన్ 13 గ్రాములు, పీచు 11 గ్రాములు, కొవ్వు ఒక్క గ్రాము కూడా లేదు, పైగా ఫోలేట్, ఐరన్. అదే రెండు టేబుల్ స్పూన్ల నూనె 240 క్యాలరీలు, ప్రోటీన్ సున్నా, పీచు సున్నా. అమ్మ పోపు గరిటెని కొలిచి చూశాను, ఒక గరిటెకి మూడు స్పూన్లు! ఆలివ్ అయినా, రైస్ బ్రాన్ అయినా, వేరుశెనగ అయినా నూనె మొత్తం కొవ్వే, వంద గ్రాములకి దాదాపు 900 క్యాలరీలు. కొలెస్ట్రాల్ ఫ్రీ అని డబ్బా మీద గొప్పగా వేస్తారు గానీ, గింజల నుంచి తీసిన నూనెలో కొలెస్ట్రాల్ ఎక్కడిది?

అలాగని నూనె బొత్తిగా మానేయమని ఎవరూ చెప్పలేదు. విటమిన్ ఇ ఉంటుంది, ఎ, డి, కె ఒంటికి పట్టాలన్నా కొంత కొవ్వు కావాలి. నాకు రోజుకి మూడు టీస్పూన్లని కట్టడి చేశారు, అది నా కేసుకి మాత్రమే, మీ డాక్టర్ని అడగండి.

బొబ్బర్లు కూడా ఆస్పత్రి నుంచి రాగానే కాదు, కొన్ని వారాలాగి, కొంచెం కొంచెంగా మొదలుపెట్టాను. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించకపోతే కడుపు ఉబ్బరం ఖాయం. ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపుకి ఒక్క టీస్పూన్ నూనె చాలు. అవే బొబ్బర్లు రుబ్బి వడలేస్తే మాత్రం పీల్చుకునే నూనెకి లెక్కే ఉండదు.

"నూనె తేలకపోతే అది కూరెలా అవుతుందే?" అని అమ్మ చాలా రోజులు సణిగింది. మొన్నటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 190, మాత్ర ఇంకా నడుస్తోంది. క్యాన్ రెండు నెలలకి పైనే వస్తోంది. ఆవకాయలో నూనె మాత్రం ఈ లెక్కలోకి రాదని అమ్మ వాదన, దాని మీద ఇంకా గొడవ నడుస్తూనే ఉంది.