ఎర్ర లైటు, బీరువా తలుపు: మా ఫైబర్ లైను బాగుపడిన తీరు

కడప ఎర్రముక్కపల్లిలో ఇంటి నుంచే కొన్ని దుకాణాల లెక్కలు రాసి, వాటి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు కాబట్టి, చివరి మూడు రోజులు మా ఇంట్లో నెట్ ఆగితే నాకు అన్నం సహించదు. మొన్న సంక్రాంతికి కనుమ వెళ్ళిన మరునాడు, 17వ తేదీ ఉదయం, సరిగ్గా అదే జరిగింది. గోడకు బిగించిన ఫైబర్ బాక్సు మీద ఎప్పుడూ వెలగని ఎర్ర లైటు ఒకటి మిణుకుమిణుకుమంటోంది. దాని కింద ఎల్ఓఎస్ అని రాసి ఉంది. వైరులోంచి రావలసిన కాంతి బాక్సుకు అందడం లేదని దాని అర్థమని తర్వాత తెలిసింది.

అంతవరకూ ఆ లైట్లన్నీ నాకు ఒకటే. నెట్ వస్తే బాక్సు మంచిది, రాకపోతే చెడ్డది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టడం తప్ప వేరే వైద్యం తెలియదు. ఆ రోజు కూడా అడాప్టరు మూడుసార్లు తీసి పెట్టాను. రెండోసారి ఎర్ర లైటు ఆరి నెట్ వచ్చింది, పది నిమిషాలకు మళ్ళీ పోయింది. కస్టమర్ కేర్‌కు ఫోను చేసిన సమయానికి నెట్ ఉండటంతో, "మా వైపు సిగ్నల్ బాగుంది సార్" అన్నారు. ఫోను పెట్టేసిన కొద్దిసేపటికే ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం వచ్చింది. అది చదువుతుండగానే ఎర్ర లైటు మళ్ళీ మొదలైంది.

సాయంత్రం వచ్చిన కుర్రవాడు లైటు చూసిన వెంటనే బాక్సు పోయిందని తేల్చి, కొత్తది బిగించాడు. ఎర్ర లైటు ఆరింది గాని, ఆఫీసుతో బాక్సు కలిసిందో లేదో చూపే పాన్ అనే ఆకుపచ్చ లైటు కొట్టుకుంటూనే ఉంది. ఎల్ఓఎస్ వెలగకుండా పాన్ మాత్రమే కొట్టుకుంటే కాంతి బాక్సు దాకా వస్తోందనీ, అవతలి ఆఫీసులోని యంత్రం ఈ బాక్సును ఇంకా తనదిగా ఒప్పుకోలేదనీ అర్థమట. ప్రతి బాక్సుకూ తయారీదారు గుర్తుగా నాలుగు అక్షరాలు, వాటి వెనుక ఎనిమిది అంకెలో అక్షరాలో కలిసిన సీరియల్ నంబరు ఉంటుంది. అది ఆఫీసులో నమోదు కావాలి. అతను ఫోనులో ఆ నంబరు చదివి వినిపించాక పాన్ నిలకడగా వెలిగింది. అయినా ఇంటర్నెట్ లైటు ఎర్రగానే ఉంది. కొత్త బాక్సులో మా యూజర్ పేరు, పాస్‌వర్డు ఎక్కించకపోవడమే దానికి కారణం. ఈ దశలో బాక్సు చూపే సందేశాన్ని చదవడం చాలా ముఖ్యమని నాకు తర్వాత తెలిసింది: లాగిన్ తిరస్కరించారని ఉంటే మనం ఇచ్చిన వివరాల్లో తప్పు, అవతలి నుంచి అసలు జవాబే రాలేదని ఉంటే పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చి కొట్టినా లాభం లేదు, కంపెనీ ఇచ్చే వీల్యాన్ అనే దారి నంబరో, అవతలి సర్వరో చూసుకోవాలి. పాతకాలపు విండోస్ డయలింగులో వచ్చే 691, 678 లోపాలకు కూడా ఇదే తేడా.

ఆ రాత్రి రెండు రిటర్నులు వేశాను. తొమ్మిదిన్నరకు మళ్ళీ ఎర్ర లైటు.

కొత్త బాక్సు కూడా ఇలా చేసేసరికి నాకు మొదటిసారి బాక్సు మీద కాక, మనుషులు ఇచ్చిన తీర్పు మీద అనుమానం వచ్చింది. నెట్ లేకపోయినా బాక్సు లోపలి పేజీ తెరుచుకుంటుంది కాబట్టి, ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 కొట్టి, బాక్సు అడుగున అంటించిన పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాను. స్థితి పేజీలో రెండు గడులు నా పనికి వచ్చాయి. ఒకటి నమోదు స్థితి: నెట్ ఉన్నప్పుడు ఓ5 అని, ఎర్ర లైటు వెలిగినప్పుడు ఓ1 అని చూపిస్తోంది. ఓ1 అంటే బాక్సు ఇంకా కాంతి కోసం ఎదురు చూస్తున్న దశ, ఓ5 అంటే పూర్తిగా పనిలోకి దిగిన దశ. రెండోది అందుతున్న కాంతి బలం. నెట్ వచ్చిన కాసేపట్లో అది మైనస్ 26.8 డీబీఎం. డీబీఎం అంటే కాంతి బలానికి కొలమానం; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. మామూలుగా ఇళ్ళలో ఉండే క్లాస్ బీ ప్లస్ అనే రకం బాక్సులు మైనస్ 27 వరకే కాంతిని నమ్మకంగా చదవగలవు. అంటే మా లైను అంచు మీద నిలబడి ఉంది. ఏ కాస్త కదిలినా పడిపోతుంది.

ఆ కదిలేదేమిటో కనిపెట్టింది నేను కాదు, నా భార్య. మరునాడు ఉదయం ఆమె బీరువాలోంచి చీర తీసి తలుపు వేసింది, నెట్ పోయింది. "నిన్న కూడా నేను బీరువా మూసినప్పుడే కదా మీరు అరిచింది?" అంది. నేను వెళ్ళి ఇనుప తలుపు తెరిచి, మళ్ళీ గట్టిగా వేసి చూశాను. వేసిన ప్రతిసారీ పేజీలో అంకె కిందికి జారుతోంది. ఒకసారి ఏకంగా ఓ1కు వెళ్ళింది. పండగకు గోడలకు సున్నం వేయించినప్పుడు బీరువాను పక్కకు జరిపి, తర్వాత గోడకు ఆనించి నెట్టాం. ఫైబర్ వైరు దాని వెనుక నుంచే వెళుతుంది.

ఈ సంగతి చెప్పి, కాంతి బలం కొలిచే పవర్ మీటరు ఉన్న మనిషినే పంపమని పట్టుబట్టాను. 18న మధ్యాహ్నం వచ్చినాయన నడివయసు మనిషి. ముందు వైరు ఇంట్లోకి వచ్చే చోట కొలిచాడు: మైనస్ 21.5. బీరువాను అలాగే ఉంచి బాక్సు దగ్గర కొలిచాడు: మైనస్ 29.5. ప్రతి 3 డెసిబెల్సుకూ కాంతి సగమవుతుంది కాబట్టి, ఆ 8 తేడా అంటే గుమ్మం దాకా వచ్చిన కాంతిలో దాదాపు ఆరో వంతు మాత్రమే బాక్సుకు చేరుతోందన్నమాట. ఇద్దరం కలిసి బీరువా జరిపాం. వైరు గోడకూ ఇనుముకూ మధ్య నలిగి, వేలు మడిచినట్టుగా వంగి ఉంది; ఆ వంపు దగ్గర కొద్దిగా సున్నం కూడా అంటుకుంది. "కరెంటు తీగ అనుకుని నూకినారు సార్. లోపల ఉండేది గాజు" అన్నాడాయన.

కస్టమర్ కేర్ వాళ్ళు అబద్ధం చెప్పారా అని అడిగితే, ఆయన ఇచ్చిన జవాబు నాకు ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే నచ్చింది. ఒకే పోగులో ఆఫీసు నుంచి కిందికి వచ్చే కాంతి తరంగం పొడవు 1490 నానోమీటర్లు, మన ఇంటి నుంచి పైకి వెళ్ళేదాని పొడవు 1310. వంపు దగ్గర పొడవు ఎక్కువున్న తరంగమే, అంటే కిందికి వచ్చేదే, ఎక్కువగా బయటికి జారిపోతుంది. కాబట్టి మా ఇంటి నుంచి వాళ్ళకు చేరే కాంతి ఓ మోస్తరుగా ఉండగానే, మాకు రావలసింది క్షీణించవచ్చు. వాళ్ళు తమకు చేరినది మాత్రమే చూసి చెప్పి ఉంటారు.

నలిగిన ముక్క కత్తిరించి, అతుకు వేసి, వైరును బీరువాకు దూరంగా కిటికీ మీదుగా తిప్పాడు. ఆకుపచ్చ కనెక్టరును తుడిచి బిగిస్తూ, దాన్ని ఎప్పుడూ నీలం రంగు దానితో కలపవద్దని హెచ్చరించాడు. ఆకుపచ్చ దాని కొస 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, నీలం దానితో సరిగా ఆనదు. పేజీలో అంకె మైనస్ 21.9 వద్ద నిలిచింది. బీరువా తలుపు పదిసార్లు వేసినా అది కదలలేదు. మిగిలిన రిటర్నులు 19 రాత్రికి పూర్తయ్యాయి.

తర్వాతి బిల్లులో కొత్త బాక్సుకు సొమ్ము వేశారు. పవర్ మీటరు మీద రెండు అంకెలనూ నేను ఫొటో తీసి ఉంచాను. పాత బాక్సు చెడలేదనీ, లోపం వైరుదేననీ రాసి, ఆ ఫొటోలు జతచేసి పంపాను. రెండు ఉత్తరాల తర్వాత ఆ సొమ్ము తీసివేశారు.