చుక్క పుట్టిన చోటు

విమానాల మరమ్మతు నేర్చుకున్న మన కాలేజీ హ్యాంగర్ వెనకాల, నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనప స్టాండుకి బిగించిన లైకమింగ్ కంపెనీ విమాన ఇంజను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓ-320, నాలుగు సిలిండర్లు, 160 హార్స్‌పవర్. ఎగరడానికి పనికిరాదని ఏనాడో దించేశారు గానీ, గ్రౌండ్ రన్‌కి పెడితే మొదటి ఊపుకే అందుకునేది. దాని కింద ఎప్పుడూ ఒక రేకు ట్రే, ఆ ట్రేలో ఎప్పుడూ నూనె.

రెండో ఏడు ప్రాక్టికల్స్ మొదలైన రోజే ఇంజన్ల సార్ నన్ను దాని దగ్గరికి పిలిచి, "ఇది ఎక్కడ కారుతోందో చెప్పు నాయనా" అన్నారు. నాకు తెలిసిన ఇంజను అప్పటికి ఒక్కటే, మా బావి దగ్గరి ఆయిలింజను. దాని కింద నేల ఏడాది పొడుగునా నల్లగా జిడ్డోడుతూనే ఉండేది. ఇంజను అన్నాక కారకుండా ఉంటుందా అనుకునే వయసు. వంగి చూస్తే నూనె నిలవుండే సంప్ తొట్టి అడుగున డ్రెయిన్ ప్లగ్గు కొసన చుక్క వేలాడుతోంది. "ఇక్కడే సార్" అన్నాను.

"అది రాలే చోటు. పుట్టిన చోటు చూపించు."

దానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ముందు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలకీ, ఆల్టర్నేటర్‌కీ, ఇంజను లోపలి ఒత్తిడి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కొసకీ పాలిథిన్ కవర్లు చుట్టి దారంతో కట్టించారు. తర్వాత వైట్ స్పిరిట్, బ్రష్షు. సిలిండర్లని చల్లబరిచే ఫిన్నుల సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి వదిలేదాకా కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాం. కవర్లన్నీ విప్పి లెక్కపెట్టి సార్‌కి చూపించాక, ఆయన జేబులోంచి ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తీశారు. పల్చటి గుడ్డలో మూటకట్టి అనుమానమున్న ప్రతి అతుకు మీదా అద్దమన్నారు. అయిదు నిమిషాలు రన్ చేసి ఆపి, టార్చి లైటూ పంటి డాక్టరు అద్దం లాంటి చిన్న అద్దమూ పట్టుకుని కిందికి దూరాను. తెల్లటి పౌడర్ మీద సన్నటి గోధుమరంగు గీత. ఎడమవైపు ముందు సిలిండరు హెడ్డులోంచి నూనె వెనక్కి దిగే గొట్టానికి ఒక చిన్న రబ్బరు అతుకు ఉంటుంది, రెండు క్లాంపులతో. ఆ రబ్బరు వేడికి మాడి చెక్కలా బిరుసెక్కింది. అక్కడ పుట్టిన నూనె ప్రొపెల్లర్ గాలికి వెనక్కి పాకి, ఇన్‌టేక్ పైపు మీదుగా సంప్ చేరి, చివరికి ప్లగ్గు దగ్గర చుక్కయింది. రెండు అంగుళాల రబ్బరు ముక్క మార్చాం. ట్రే పొడిగా ఉండడం ఆ రోజే మొదటిసారి చూశాను.

స్టాండు మీది ఇంజను కాబట్టి అది తేలికే. విమానంలో ఇంజను చుట్టూ ఉండే రేకు తొడుగు, కౌలింగ్, మూశాక కథ వేరు. ముందున్న రెండు కంతల్లోంచి చొరబడిన గాలి సిలిండర్ల పైనుంచి కిందికి దిగి, వెనక అడుగున బయటికి పోతుంది. నూనె కూడా దాని వెంటే పోతుంది. ఇంజను వెనకుండే రేకు గోడ, ఫైర్‌వాల్, తడిస్తే ముందుకీ పైకీ వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆ దారిలో ఎగ్జాస్ట్ గొట్టం మీద చుక్క పడితే మొదట వాసన, తర్వాత పొగ, ఖర్మ కాలితే మంట. ఏ చిన్న నూనె చెమ్మనీ "పరవాలేదులే" అని నేను సంతకం పెట్టనిది అందుకే.

నూనె మట్టం కొలిచే డిప్‌స్టిక్‌ని చూసి మోసపోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇంజనులో 8 క్వార్టుల నూనె పడుతుంది. క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ. 160 హార్స్‌పవర్‌కి గంటకి దాదాపు అర క్వార్టు దాకా ఖర్చవడం లైకమింగ్ లెక్కలో హద్దు లోపలిదే. అది పిస్టన్ రింగుల పక్కనుంచి కాలిపోయినా, అతుకులోంచి కారిపోయినా డిప్‌స్టిక్ మీద ఒకేలా కనిపిస్తుంది. అంచుదాకా 8 పోస్తే మొదటి క్వార్టు చాలాసార్లు బ్రీదర్‌లోంచి విమానం పొట్ట మీదికి చిమ్మేస్తుంది, దాన్ని లీకనే లోపంగా రాస్తారు. నేను చూసిన చాలా "లీకులు" 7 దగ్గర ఆపగానే మాయమయ్యాయి.

బిగింపు గురించి కూడా చెప్పాలి. సిలిండరు కొసన వాల్వుల మీదుండే మూత, రాకర్ కవరు, కారుతోందంటే స్క్రూడ్రైవరు పట్టుకుని మరో పావు చుట్టు తిప్పడం చేతికి అలవాటు. కార్కు గ్యాస్కెట్ నలిగి పక్కకి ఉబికి, కవరు రేకు వంగి, లీకు ఇంకా పెరుగుతుంది. అక్కడ కావలసింది 50 ఇంచ్-పౌండ్ల బిగింపు, అంతే. ఆయిల్ ఫిల్టర్ వెనకుండే కన్వర్టర్ ప్లేటు గ్యాస్కెట్ మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. అది ఉబ్బి బయటికి పొడుచుకొస్తే నూనె ధారగా పోతుంది, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2002లో దాని కోసమే ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్, అంటే తప్పక పాటించాల్సిన భద్రతా ఆదేశం, ఇచ్చింది. ఇంజను వెనక చెయ్యి పెట్టినప్పుడల్లా నా వేలు ముందు దాని అంచు తడుముతుంది.

ఇంత తెలిసీ ఒకచోట రెండుసార్లు దెబ్బతిన్నాను. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో పనిచేస్తున్న రోజులు. సెస్నా 172. సోలోకి వెళ్ళొచ్చిన పిల్లాడు విండ్‌షీల్డ్ మీద నూనె తుంపర పడిందని లాగ్ బుక్‌లో రాశాడు. ప్రొపెల్లర్ వెనక, దాన్ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ నూనెని ఆపే నోస్ సీల్ తడిగా ఉంది. ప్రొపెల్లర్ దించి, ఫ్లాంజి మీదుగా కొత్త సీల్ సాగదీసి ఎక్కించి అంటించాను. పదిహేను గంటల్లో మళ్ళీ తుంపర. నా చేతి పనిలోనే లోపం ఉందనుకుని ఇంకా శుభ్రంగా, ఇంకా ఓపిగ్గా మళ్ళీ మార్చాను. పన్నెండు గంటలే ఆగింది. మూడో సీల్ ఇండెంటు రాస్తుంటే కలం ఆగింది. పుట్టిన చోటు చూపించమన్న మాట గుర్తొచ్చింది. సీల్ అంత గట్టిగా కూర్చున్నాక దాన్ని బయటికి నెడుతున్నదేమిటి?

క్రాంక్‌షాఫ్ట్ తిరిగే పెట్టెలో, అంటే క్రాంక్‌కేసులో, ఒత్తిడి. రింగులు అరిగి పిస్టన్ల పక్కనుంచి గాలి దిగుతోందేమోనని కంప్రెషన్ చూశాను. 80 పౌండ్ల గాలి పెడితే నాలుగు సిలిండర్లూ 72 పైనే నిలబెట్టాయి. ఇక మిగిలింది బ్రీదర్. గొట్టం ఊడదీసి ఊదితే ఊపిరి పోలేదు. సన్నటి తీగ పెట్టి లాగితే ఎండిన మట్టి పెళ్ళలు, వాటిలో చచ్చిన సాలీళ్ళు. మట్టితో గూడు కట్టే కందిరీగ పని. వానలకి విమానం మూడు వారాలు కదలకుండా నిలబడింది, దానికంత తీరిక చాలు. కొస మూసుకుపోయినా ఒత్తిడి పోవడానికి కౌలింగ్ లోపల ఆ గొట్టానికి ఒక చిన్న కంత ఉండాలి. ఎప్పుడో ఎవరో మార్చిన ఈ గొట్టానికి ఆ కంతే లేదు. కంతతో ఉన్న సరైన గొట్టం తెప్పించాను. కొత్త సీల్ వేసి, గాలి ఒత్తిడిని బట్టి వేగం చూపే ఒక పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్‌ని ఆయిల్ పోసే గొట్టానికి కట్టి రన్ చేశాను. పాత గొట్టంతో చూసినప్పుడు ఎగిరిపడ్డ ముల్లు, ఈసారి కాస్త కదిలి కిందే ఉండిపోయింది.

యాభై గంటలు గడిచాక, సీల్ చుట్టూ వేలితో రాసి చూసి, ఆ పొడి వేలితోనే సార్‌కి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. గూడు సంగతి మొదలుకొని అంతా శ్రద్ధగా విన్నారు. సంతోషిస్తారని చూస్తున్నాను.

"మీ హ్యాంగర్లో ఇంకెన్ని ఉన్నాయి?"

"మూడు సార్."

"వాటి బ్రీదర్లు చూశావా?"

చూడలేదు. ఫోన్ పెట్టేసి టార్చి తీసుకుని వెళ్ళాను. మొదటి రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూడోదాని గొట్టం కొసలోకి వేలు పెడితే తడి మట్టి అంటింది.